వెళ్ళిపోవు పొగకు దారి: టర్బో ఇంజను మానిఫోల్డు కథ

హిమాయత్‌నగర్ నుండి లిబర్టీ, బషీర్‌బాగ్ మీదుగా ఆబిడ్సుకు, అక్కడి నుండి నాంపల్లి స్టేషనుకు పోవు దారి నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఈ కొద్ది దూరములో నడిచే ప్రతి పెట్రోలు, డీజిలు వాహనము తాను కాల్చిన ఇంధనపు శక్తిలో సుమారు మూడవ వంతును వేడి వాయువుల రూపములో వెనుక గొట్టము ద్వారా గాలిలోనికి వదలిపెడుతున్నది. మరొక మూడవ వంతు ఇంజనును చల్లబరచు నీటిలోనికి పోతుంది. చక్రములను త్రిప్పునది మిగిలిన మూడవ వంతు మాత్రమే.

వృథాగా పోవు ఆ వేడి వాయువుల చేతనే మళ్ళీ ఇంజనుకు సేవ చేయించిన సాధనము టర్బోఛార్జరు. దీనిని గూర్చి నేడు చాలమందికి తెలుసు. కాని సిలిండర్ల నుండి వెలువడు వాయువులను ప్రోగుచేసి టర్బోఛార్జరుకు అందించు గొట్టముల గుత్తిని ఎవరూ అంతగా పట్టించుకోరు. దానిని ఎగ్జాస్టు మానిఫోల్డు అంటారు. చూచుటకు అది తుప్పుపట్టిన పోత ఇనుప ముక్క. అయినను, టర్బోఛార్జరు ఇరవై సంవత్సరముల పాటు పనికిరాని కలగా మిగిలిపోవుటకు ఒక ముఖ్యకారణము ఆ గొట్టమే. ఆ తరువాత అది సఫలమగుటకు కారణము కూడ ఆ గొట్టమే. పాత టర్బో కారుకు క్రొత్త మానిఫోల్డు వేయించదలచిన వారు ఈ చరిత్రను తెలిసికొనుట అవసరము. లేనిచో డబ్బు వెచ్చించి, వందేళ్ళనాటి పొరపాటునే మళ్ళీ కొని తెచ్చుకొనే ప్రమాదమున్నది.

తోపుల సాంచా

ఆబిడ్సు ప్రక్కన గన్‌ఫౌండ్రీ అనే పేటలో ఎత్తైన గోడలు గల ఒక పాత కట్టడము ఉన్నది. 1786లో రెండవ అసఫ్‌జా కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండు ఫిరంగులను పోతపోయుటకు దీనిని కట్టించినాడు. జనులు దీనిని ‘తోప్ కా సాంచా’ అన్నారు. తోపు అనగా ఫిరంగి, సాంచా అనగా అచ్చు.

ఫిరంగి కూడ ఒక విధముగా ఇంజనే. ఒక కొన మూసిన లోహపు గొట్టములో మందు మండుతుంది; వాయువులు వ్యాకోచించి గుండును ముందుకు త్రోస్తాయి. 17వ శతాబ్దిలో డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్సు ఈ పోలికను గ్రహించి, తుపాకి మందుతో పిస్టనును నడపవలెనని ప్రయత్నించినాడు. అయితే ఫిరంగిని ఒకమారు ప్రేల్చిన పిమ్మట తుడిచి, మందు కూరి, మరల ప్రేల్చుటకు వ్యవధి కావలెను. మోటారు ఇంజను నిమిషమునకు రెండువేల మారులు తిరుగునప్పుడు దాని ప్రతి సిలిండరులోను వేయి ప్రేలుళ్ళు జరుగుతాయి. ఫిరంగిని పోసిన వానికి గొట్టము పగులకుండుటయే ప్రధానము. మానిఫోల్డును పోయువానికి పగులకుండుటతో పాటు, లోపలి వాయువుల బలము చెడకుండ చూచుట కూడ ముఖ్యము. ఈ రెండు కోరికలు తరచు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. మానిఫోల్డు చరిత్ర అంతయు ఈ పోట్లాటను తీర్చుటకు జరిగిన ప్రయత్నమే.

బ్యూకి ఆలోచన

ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1879లో స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ నగరములో జన్మించిన ఇంజనీరు. 1905లో ఆయన ఒక పేటెంటు తీసుకున్నాడు. దానిలోని ఊహ సులభమైనదే. ఇంజను నుండి వెలువడు వేడి వాయువులతో ఒక టర్బైను చక్రమును త్రిప్పవలెను. అదే ఇరుసుకు రెండవ కొన మీద గాలిని అదిమి పంపు మరొక చక్రమును అమర్చవలెను. ఈ రెండవ చక్రము బయటి గాలిని అదిమి సిలిండర్లలోనికి ఎక్కువగా పంపుతుంది. ఎక్కువ గాలి ఉన్నచోట ఎక్కువ ఇంధనమును కాల్చవచ్చును. కనుక ఇంజను పరిమాణము పెరగకుండనే దాని బలము పెరుగుతుంది.

ఊహ సులభమే కాని ఆచరణ కాలేదు. 1915 నాటికి బ్యూకి ఒక నమూనాను సిద్ధము చేసినాడు గాని అది ఆశించిన ఫలితము నివ్వలేదు. ఇందుకు కారణములు రెండు. ఆనాటి గాలి చక్రములు, టర్బైనులు మంచి సామర్థ్యము గలవి కావు; ఇది మొదటిది. రెండవది గొట్టములకు సంబంధించినది. అన్ని సిలిండర్ల పొగను ఒకే గొట్టములోనికి వదలినప్పుడు ఏమి జరుగుతుందో చూద్దాము.

నాలుగు సిలిండర్ల ఇంజనులో సాధారణముగా మొదటిది, మూడవది, నాలుగవది, రెండవది అను వరుసలో దహనము జరుగుతుంది. ఒక సిలిండరుకు, తరువాతి సిలిండరుకు మధ్య క్రాంకు ఇరుసు 180 డిగ్రీలు తిరుగుతుంది. కాని ప్రతి సిలిండరు యొక్క పొగ వాల్వు సుమారు 240 డిగ్రీల పాటు తెరచి ఉంటుంది. అనగా ఒక సిలిండరు వాల్వు ఇంకను మూతపడక ముందే తరువాతి సిలిండరు వాల్వు తెరచుకుంటుంది. అట్లు తెరచుకున్న క్షణములో దానిలోని వాయువు అనేక రెట్లు పీడనముతో గొట్టములోనికి దుముకుతుంది. గొట్టము ఒకటే అయినందున ఆ దూకుడు ముందరి సిలిండరు లోనికి కూడ ఎదురు తన్నుతుంది. ఖాళీ కావలసిన సిలిండరులో పాత పొగ మిగిలిపోతుంది. పాత పొగ ఉన్నచోట క్రొత్త గాలికి తావు లేదు. టర్బోఛార్జరు ఒక చేతితో ఇచ్చిన దానిని గొట్టము మరొక చేతితో లాగుకొనేది.

1925 నాటి పరిష్కారము

బ్యూకి పట్టు విడువలేదు. 1925లో ఆయన తీసుకున్న మరొక పేటెంటు నిజానికి టర్బోఛార్జరును గూర్చినది కాదు. గొట్టముల అమరికను గూర్చినది. ఒకదాని ఊపిరికి మరొకటి అడ్డురాని సిలిండర్లను జతలుగా విడదీసి, ఒక్కొక్క జతకు వేరొక సన్నని గొట్టమును వేసి, టర్బైను వరకు వాటిని కలియనీయకుండ తీసికొనిపోవలెనన్నది ఆ పద్ధతి. నాలుగు సిలిండర్ల ఇంజనులో మొదటిది నాలుగవదానితోను, రెండవది మూడవదానితోను జతకూడుతాయి. అప్పుడు ఒకే గొట్టములోని రెండు తాకిడుల మధ్య 360 డిగ్రీల వ్యవధి ఉంటుంది. గొట్టము సన్ననిదగుటచే వాయువు తాకిడి బలము చెదరక టర్బైనును కొడుతుంది. రెండు తాకిడుల మధ్య గొట్టములోని పీడనము బాగుగా పడిపోతుంది. ఆ సమయములో రెండు వాల్వులును కొద్దిగా తెరచి ఉంచినచో లోపలికి వచ్చు క్రొత్త గాలి పాత పొగను ఊడ్చివేస్తుంది.

దీని ఫలితము ఓడలలో కనబడినది. 1920 దశకము మధ్యలో జర్మనీలో కట్టిన ‘ప్రాయిసెన్’, ‘హాన్సెస్టాట్ డాన్‌సిగ్’ అనే ప్రయాణికుల ఓడలలోని పది సిలిండర్ల డీజిలు ఇంజనులకు బ్యూకి పర్యవేక్షణలో టర్బోఛార్జర్లు అమర్చినారు. అంతకు ముందు 1,750 అశ్వశక్తి గల ఇంజను 2,500 అశ్వశక్తి నిచ్చినది. నూటికి నలుబది వంతులకు పైగా పెరుగుదల! ఇరవై సంవత్సరముల కల ఫలించినది. 1959లో బ్యూకి మరణించునాటికి పెద్ద డీజిలు ఇంజనులలో టర్బోఛార్జరు సర్వసాధారణమైపోయినది.

ఇచ్చట ఒక విషయమును చెప్పవలెను. సన్నని వేరువేరు గొట్టములే ఎల్లప్పుడు మేలని చరిత్ర చెప్పలేదు. తరువాతి కాలములో టర్బైనుల సామర్థ్యము పెరిగిన కొలది, నిలకడగా ఒకే వేగముతో దినముల తరబడి నడిచే పెద్ద ఓడ ఇంజనులలో విశాలమైన ఒకే గొట్టము తిరిగి వచ్చినది. అంత పెద్ద గొట్టములో తాకిడులు సర్దుకొని పీడనము స్థిరముగా ఉంటుంది. స్థిరమైన ప్రవాహములో టర్బైను బాగుగా పనిచేస్తుంది. మాటిమాటికి వేగము మార్చుకొనే ఇంజనుకు మాత్రము సన్నని, పొట్టి గొట్టములే తగినవి. కనుక ‘ఏది మంచి గొట్టము?’ అని అడుగరాదు. ‘ఏ పనికి ఏ గొట్టము మంచిది?’ అని అడుగవలెను.

కొండ మీద పరీక్ష

ఓడల కంటె ముందే విమానములవారు టర్బోఛార్జరు వైపు చూచినారు. ఎత్తునకు పోయిన కొలది గాలి పలుచనై ఇంజను బలము తగ్గుట వారి బాధ. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఫ్రాన్సులో ఆగస్తు రాటో ఈ దిశలో కృషి చేసినాడు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ మాస్ 1918లో లిబర్టీ అనే విమానపు ఇంజనును లారీ మీద పైక్స్ పీక్ అనే 14,109 అడుగుల కొండపైకి ఎక్కించి పరీక్షించినాడు. నేల మీద 350 అశ్వశక్తి నిచ్చిన ఇంజను ఆ కొండమీద 230కి పడిపోయినది. టర్బోఛార్జరు తగిలించగానే 356 ఇచ్చినది.

మన హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచ్చటి గాలి పీడనము సముద్రతీరమున కంటె నూటికి ఆరు వంతులు తక్కువ. టర్బో లేని బండికి ఇది కొద్దిపాటి నష్టమే. టర్బో గల బండి ఆ లోటును తానే పూరించుకుంటుంది. అయితే గొట్టమునకు పగులు లేనప్పుడే సుమా!

రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా బాంబరు విమానములకు వేల సంఖ్యలో టర్బోఛార్జర్లు కావలసివచ్చినవి. ఎఱ్ఱగా కాలు టర్బైను రెక్కలకు తగిన లోహము కొరకు వెదకగా, దంతవైద్యులు కట్టుడు పళ్ళ పనిలో వాడే వైటాలియం అనే కోబాల్టు మిశ్రలోహము పనికివచ్చినది. మైనపు నమూనాను అచ్చులో ఉంచి, దానిని కరిగించి, ఆ ఖాళీలో లోహమును పోయు పద్ధతి కూడ పళ్ళ పనితో పాటే వచ్చినది. విగ్రహములు పోయు మన స్థపతులకు ఈ మైనపు పోత తరతరాలుగా తెలిసినదే.

నాంపల్లికి వచ్చిన టర్బో

మన ప్రాంతపు ప్రజలకు టర్బోఛార్జరు మొదట దగ్గరగా కనబడినది కారులో కాదు, రైలులో అని చెప్పవచ్చును. 1962లో అమెరికాలోని ఆల్కో సంస్థ నుండి డబ్ల్యు.డి.ఎం.-2 రకము డీజిలు ఇంజనులు మన దేశమునకు వచ్చినవి. 1964 జనవరిలో వారణాసి కార్ఖానాలో తయారైన మొదటి ఇంజను బయటకు వచ్చినది. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన పిమ్మట కాజీపేట, గుత్తి, మౌలాలి డీజిలు షెడ్లలో ఈ ఇంజనుల మరమ్మతు ఎందరో తెలుగు పనివారికి చేతి విద్య అయినది. పదునారు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, వాటి కొక టర్బోఛార్జరు.

ఈ ఇంజను రైలును కదిలించునప్పుడు నల్లని పొగ గుప్పున ఎగజిమ్ముట చాలమంది చూచే ఉంటారు. ఆ పొగ టర్బోఛార్జరు యొక్క ఆలస్యమునకు కంటికి కనబడు గుర్తు. డ్రైవరు ఎక్కువ ఇంధనమును అందించగానే అది వెంటనే సిలిండర్లకు చేరుతుంది. కాని దానిని కాల్చుటకు కావలసిన అదనపు గాలి వెంటనే రాదు. ముందు పొగ పెరుగవలెను, గొట్టములు నిండవలెను, బరువైన టర్బైను చక్రము వేగమందుకోవలెను. అప్పుడు గాలి వస్తుంది. ఈ వ్యవధిలో ఇంధనము అరకొరగా కాలి మసియై పోతుంది. గాలి అందిన తరువాత పొగ పలుచబడుతుంది.

పాత ఇంజనును మెరుగుపరచుట అనే పనికి కూడ ఈ రైలు ఇంజనే మంచి ఉదాహరణము. 1994లో అదే పదునారు సిలిండర్ల కుటుంబము నుండి 3,100 అశ్వశక్తి గల రూపము వెలువడినది. సిలిండర్ల సంఖ్య పెంచలేదు. గాలి, ఇంధనము, వేడి అనే మూడింటి లెక్కను మరల సరిచేసినారు. ఏదో ఒక్క భాగమును మార్చి ఊరుకొనలేదు. ఒక భాగము మారిన కొలది దానికి తోడుగా ఉన్న భాగములను కూడ సరిపోల్చినారు. కారు వారు నేర్చుకొనవలసిన మొదటి పాఠము ఇదే.

కారులోనికి ప్రవేశము

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ మోంజా స్పైడర్ అనే కార్లు టర్బోఛార్జరుతో అమ్మకమునకు వచ్చినవి. జెట్‌ఫైర్ ఇంజనులో కొట్టుడు రాకుండ నీరు, మిథైలు ఆల్కహాలు కలిపిన ద్రవమును ఒక చిన్న తొట్టిలో పోయవలసి ఉండెడిది. కొన్నవారు ఆ తొట్టిని నింపుట మరచిపోయేవారు. కారు బలము తగ్గిపోయేది. రెండేళ్ళతోనే దాని కథ ముగిసినది. 1973లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బో 170 అశ్వశక్తి గలది. కాని తొక్కిన తరువాత కొంతసేపటికి గాని ఆ బలము మేలుకొనేది కాదు.

ఈ చిక్కును స్వీడనులోని సాబ్ సంస్థ మరొక విధముగా విడదీసినది. 1978 నాటి సాబ్ 99 టర్బోలో వారు గరిష్ఠ బలము కొరకు ప్రాకులాడలేదు. చిన్న టర్బైనును పెట్టి, తక్కువ వేగములోనే అది మేలుకొనునట్లు చేసి, మిక్కిలి వేగము వచ్చినప్పుడు అదనపు పొగను ప్రక్కదారిన పంపు వేస్ట్‌గేటు అనే వాల్వును వాడినారు. అదే సంవత్సరమున మెర్సిడెస్ సంస్థ 300 ఎస్.డి. అనే టర్బో డీజిలు కారును తెచ్చినది. మన దేశములో 1998లో వచ్చిన టాటా సఫారి సుమారు రెండు లీటర్ల టర్బో డీజిలు ఇంజనుతో రోడ్డెక్కినది. 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. 1.8 లీటర్ల పెట్రోలు టర్బో గలది. ఇట్టి బండ్లు నేడు పాతబడినవి. వాటి మానిఫోల్డులు వేల మారులు కాగి, వేల మారులు చల్లారినవి.

లోహపు బాధ

మానిఫోల్డు ఎందుకు పగులుతుంది? డీజిలు ఇంజనులో దాని గుండా పోవు వాయువుల వేడి సుమారు 750 డిగ్రీల సెంటీగ్రేడు వరకు, పెట్రోలు టర్బో ఇంజనులో 950 డిగ్రీల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉంటుంది. వేడికి లోహము సాగుతుంది. నలుబది సెంటీమీటర్ల పొడవు గల పోత ఇనుప మానిఫోల్డు 700 డిగ్రీలు వేడెక్కినచో మూడు మిల్లీమీటర్లకు పైగా సాగవలెను. అది బోల్టులతో బిగింపబడిన సిలిండరు హెడ్డు మాత్రము నీటితో చల్లబడుచు 100 డిగ్రీల దరిదాపులనే ఉంటుంది. ఒకటి సాగుతానంటుంది, మరొకటి వీలులేదంటుంది. ఈ లాగుడులో స్టడ్డు విరుగుతుంది, లేదా రెండు రంధ్రముల మధ్య పగులు పుడుతుంది, లేదా ఫ్లాంజి వంకరపోయి గాస్కెట్టు కాలిపోతుంది.

ఇంజనీర్లు దీనికి రెండు విధముల మందులు వేసినారు. మొదటిది రూపములో: బోల్టు రంధ్రములను కొద్దిగా పొడవుగా చేసి జరుగుటకు చోటిచ్చుట, మానిఫోల్డును ముక్కలుగా చేసి జారు అతుకులతో కలుపుట, పెద్ద ఇంజనులలో ముడుతలు గల బెల్లోసు గొట్టములు వాడుట. రెండవది లోహములో: సుమారు 4 శాతము సిలికాను, కొద్దిపాటి మాలిబ్డినము కలిపిన గుండ్రని గ్రాఫైటు గల పోత ఇనుము సాధారణపు పోత ఇనుము కంటె వేడికి బాగుగా ఓర్చుకుంటుంది. అంతకు మించిన వేడికి సుమారు 35 శాతము నికెలు గల పోత ఇనుము, దానికి మించినచో పోత స్టెయిన్‌లెస్ ఉక్కు. ధర కూడ ఈ వరుసలోనే పెరుగుతుంది. ఇట్టి వేడిని తట్టుకొను లోహముల విద్యలో హైదరాబాదుకు తన చోటు ఉన్నది: ఇచ్చటి రక్షణ లోహశాస్త్ర పరిశోధనాలయము, 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమము టర్బైను రెక్కలకు, విమాన ఇంజనులకు పనికివచ్చు మహామిశ్రలోహముల మీద కృషి చేసిన సంస్థలు.

పాత బండికి క్రొత్త మానిఫోల్డు

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. పాత టర్బో కారు మానిఫోల్డు పగిలినది. యజమాని మిస్త్రీని అడుగుతాడు. మిస్త్రీ దానికి మూడు దారులు చూపగలడు: పాతదానిని వెల్డింగు చేయుట, కంపెనీ రకమే మరొకటి వేయుట, స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టములను వంచి అతికిన క్రొత్త మానిఫోల్డును చేయించుట.

పోత ఇనుమును వెల్డింగు చేయుట కష్టము. అతుకు ప్రక్కన లోహము గాజువలె పెళుసెక్కుతుంది. ముందుగా బాగుగా కాచి, నికెలు కడ్డీతో అతికి, బూడిదలోనో ఇసుకలోనో నెమ్మదిగా చల్లార్చిన పని కొంతకాలము నిలుచును. హడావిడిగా చేసిన పని మొదటి దూరప్రయాణములోనే విడిపోతుంది.

మూడవ దారి అందరిని ఆకర్షించునది. సమానమైన పొడవు గల నాలుగు మెరయు గొట్టములు నాలుగు సిలిండర్ల నుండి వంపులు తిరిగి ఒకచోట కలియుట చూచుటకు అందముగా ఉంటుంది. తాకిడులు సమానమైన వ్యవధిలో టర్బైనును చేరుట దీని మేలు. కాని చిన్న లెక్క వేయుదము. రెండు లీటర్ల ఇంజనుకు 43 మిల్లీమీటర్ల లోపలి వ్యాసము, 40 సెంటీమీటర్ల పొడవు గల నాలుగు గొట్టములు వేసినామనుకొనుడు. ఒక్కొక్క దానిలో సుమారు 580 ఘన సెంటీమీటర్ల చోటు ఉంటుంది. నాలుగింటికి కలిపి 2,300. ఇది ఇంజను సిలిండర్ల మొత్తము పరిమాణము కంటె ఎక్కువ! తొక్కిన ప్రతిమారు ఈ చోటంతయు ముందు నిండవలెను, ఆ గోడలన్నియు ముందు వేడెక్కవలెను. ఆ తరువాతనే టర్బైను మేలుకొంటుంది. పొడవును సగము చేసినచో ఈ చోటు కూడ సగమవుతుంది.

పందెపు మైదానములో ఇంజనును ఎల్లప్పుడు ఎక్కువ వేగముతో తిప్పువానికి ఆ పెద్ద గొట్టములు లాభమే. లిబర్టీ నుండి నాంపల్లి వరకు ప్రతి కూడలిలో ఆగుచు, నిమిషమునకు రెండువేల చుట్లు దాటకుండ నడుపువానికి అవి నష్టము. అతడు చూచుటకు మొరటుగా నున్న పాత పొట్టి మానిఫోల్డునే నిందిస్తాడు గాని, ఆ పొట్టితనము అతని దారికి తగినట్లు తయారీదారు ఆలోచించి చేసినదని గ్రహించడు.

జతలుగా విడదీసిన బ్యూకి పద్ధతి మానిఫోల్డును కూడ నేడు చేయించుకొనవచ్చును. అయితే టర్బైను తొడుగు కూడ లోపల గోడతో రెండుగా చీలినది కావలెను. తొడుగు ఒకే నోరు గలదైనచో, గొట్టములను విడదీసిన లాభములో చాలవరకు ఆ నోటి దగ్గరనే పోతుంది. వేస్ట్‌గేటుకు పోవు దారి రెండు జతలను మధ్యలో కలిపివేయరాదు. కలిపినచో మరల 1915 నాటి స్థితికే చేరినట్లు.

గొట్టపు గోడ మందము కూడ ముఖ్యమే. ఒకటిన్నర మిల్లీమీటర్ల పలుచని గొట్టము తేలికగా ఉంటుంది గాని, టర్బోఛార్జరు బరువును దాని మీద వ్రేలాడదీసినచో అతుకుల వద్ద పగులుతుంది. ఆవిరి గొట్టములకు వాడు 2.8 మిల్లీమీటర్ల మందపు రకము నయము. ఏది వాడినను టర్బోఛార్జరు బరువును మోయుటకు ఇంజను దిమ్మె నుండి వేరొక ఆధారము ఉండుట మంచిది. స్టెయిన్‌లెస్ ఉక్కు, పోత ఇనుము కంటె ఒకటిన్నర రెట్లు ఎక్కువగా సాగుతుంది. కనుక అన్ని ఫ్లాంజిలను ఒకే కట్టుబడి పట్టీగా చేయక, వెల్డింగు పూర్తి అయిన పిదప పట్టీని రంధ్రముల మధ్య కోసి విడదీయుట తెలిసినవారు చేయు పని. వెల్డింగు వేడికి వంగిన ముఖమును లేతు లేదా మిల్లింగు మీద చదును చేయించనిదే బిగించరాదు.

ఇంకొక మాట. క్రొత్త మానిఫోల్డు వలన గాలి పెరిగినచో ఇంధనపు లెక్కను కూడ సరిచేయవలెను. పాతదాని మీద ఉన్న ఆక్సిజను సూచిక, పొగను కొంత తిరిగి పంపు గొట్టము మొదలైన వాటిని క్రొత్తదాని మీద కూడ యథాస్థానములో ఉంచవలెను. ఇవి తీసివేసిన బండి పొగ పరీక్షలో నిలువదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము వాహనపు మార్పులకు హద్దులు విధించినదని కూడ గుర్తుంచుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణ రక్షణ. పగిలిన మానిఫోల్డు నుండి కారు పొగలో కార్బన్ మోనాక్సైడు అనే వాసన లేని విషవాయువు ఉంటుంది; అది గాలి తెరపుల గుండా కారు లోపలికి రావచ్చును. ఎఱ్ఱగా కాలిన లోహమునకు బెత్తెడు దూరములో ఇంధనపు గొట్టమో, బ్రేకు గొట్టమో ఉన్నచో నిప్పు పుట్టుటకు ఎక్కువసేపు పట్టదు. కంపెనీ వారు అమర్చిన రేకు కవచమును ‘అడ్డముగా ఉన్న’దని తీసి పారవేయుట అపాయకరము.

మాయమవుతున్న మానిఫోల్డు

చరిత్ర ఇంకొక మలుపు తిరిగినది. 2013లో మన దేశములో అమ్మకమునకు వచ్చిన ఫోర్డు ఎకోస్పోర్టులోని ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజనులో మానిఫోల్డు వేరుగా లేదు. దానిని సిలిండరు హెడ్డులోనే కలిపి పోతపోసి, చుట్టు నీరు ప్రవహింపజేసినారు. బోల్టులు లేవు, గాస్కెట్టు లేదు, సాగుటలో తగవు లేదు. గొట్టము పొడవు కొద్ది అంగుళములే. విద్యుత్తుతో నడుచు వాహనములకు పొగయే లేదు. కనుక మానిఫోల్డును మార్చవలెనా వద్దా అను ప్రశ్న ఇక ముందు పాత బండ్లకే పరిమితమగుచున్నది.

అయినను అట్టి బండ్లు మన రోడ్ల మీద ఇంకను చాల ఉన్నవి. వాటిని బాగుచేసి బ్రతుకువారు కూడ ఉన్నారు. అట్టి కార్ఖానాలో పనిచేయు యువకుడు క్రొత్త గొట్టమును వంచుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మేలు: ఈ బండి ఎక్కువగా ఏ వేగమున నడుస్తుంది? టర్బైనుకు ఎన్ని నోళ్ళు ఉన్నవి? వేడికి సాగుటకు చోటున్నదా? బరువును మోయునది ఏది? వీటికి జవాబు దొరికిన తరువాత, పగులు లేని కంపెనీ మానిఫోల్డునే మరల బిగించి, గాస్కెట్టు, స్టడ్డులు మాత్రము క్రొత్తవి వేయుట మంచిదని తేలినచో, అది కూడ విద్య గలవాని పనియే.